నేర దర్యాప్తును వలస తనిఖీ నుంచి వేరు చేయాలి

అమెరికాలో అనుమతి పత్రాలు లేని వలసదారు ఎవరైనా హత్య చేసినట్లు బయటపడిన ప్రతిసారీ, వలస చట్టాలను కఠినంగా అమలు చేస్తే హింస తగ్గుతుందన్న వాదం బలం పుంజుకుంటుంది. 2024లో జార్జియాలో ఒక నర్సింగ్ విద్యార్థిని హత్యకు గురయ్యాక, 2025 జనవరిలో ఆమె పేరిట వచ్చిన చట్టం, దొంగతనం ఆరోపణపై అరెస్టయినా సరే, నేరం రుజువు కాకముందే అటువంటి వలసదారులను నిర్బంధించాలని ఆదేశించింది. ఆ కుటుంబానికి జరిగిన అన్యాయం కాదనలేనిది. దాని నుంచి లాగిన సూత్రం మాత్రం లెక్కలకు నిలవదు.

విదేశాల్లో పుట్టినవారు స్థానికుల కంటే తక్కువ నేరాలు చేస్తున్నారని 1931లోనే ఫెడరల్ ప్రభుత్వం నియమించిన వికర్‌షామ్ సంఘం తేల్చింది. అరెస్టయిన ప్రతివారి వలస హోదాను సరిచూసే టెక్సాస్ రికార్డుల ఆధారంగా 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం, హింసాత్మక నేరాల కింద అమెరికాలో పుట్టిన పౌరులు అరెస్టయ్యే రేటు, పత్రాలు లేనివారి రేటుకు రెట్టింపు కంటే ఎక్కువ. స్థానిక జైళ్లలో తీసుకున్న వేలిముద్రలను వలస శాఖకు చేరవేసే ‘సెక్యూర్ కమ్యూనిటీస్’ పథకం 2008 నుంచి కౌంటీల వారీగా విస్తరించింది కనుక, ముందు అమలైనచోటికీ ఆలస్యమైనచోటికీ పోలిక సాధ్యమైంది. ఆ పోలికలో నేరాల రేటు చెప్పుకోదగినంత తగ్గినట్లు కనబడలేదు.

హింసను అరికట్టేది బాధితులు, సాక్షులు నోరు విప్పడం. భర్త వీసాపై ఆధారపడి హెచ్-4 హోదాలో ఉన్న తెలుగు గృహిణి, ఇంట్లో దెబ్బలు తిన్నా, ఫిర్యాదుతో దేశంలో ఉండే హక్కే పోతుందేమోనని పోలీసులకు ఫోన్ చేయడానికి జంకితే, దానివల్ల లాభపడేది కొట్టినవాడే. నేర బాధితులు దర్యాప్తుకు సహకరిస్తే రక్షణ కల్పించే యు వీసా 2000 నుంచి ఉన్నా, ఏటా 10,000 మంది ప్రధాన దరఖాస్తుదారులకే అన్న పరిమితి వల్ల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతోంది. ఆ పరిమితిని కాంగ్రెస్ పెంచాలి.

పోలీసులంటే ఈ భయానికి మరో కారణం, స్థానిక జైళ్లు వలస శాఖ పని చేయడం. విడుదల కావలసిన వ్యక్తిని మరో 48 గంటల వరకు జైల్లో ఉంచమని వలస శాఖ కోరే ‘డిటెయినర్’పై ఉండేది న్యాయమూర్తి సంతకం కాదు, వలస అధికారి సంతకం. అటువంటి నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని ఆరెగన్‌లోని ఒక కౌంటీ విషయంలో 2014లోనే ఫెడరల్ న్యాయస్థానం తీర్పిచ్చింది. ప్రమాదకరమైన దోషులను వదిలేయమనడం కాదిది. వారిని వలస శాఖకు అప్పగించేముందు న్యాయమూర్తి వారంటు ఉండాలనడమే.

డిటెయినర్‌ను పాటించి తీరాలని 2017లో శాసనం చేసిన టెక్సాస్‌లో దాన్ని మార్చే ప్రయత్నం శాసనసభ వైపు సాగాలి. కౌంటీ జైలు బాధ్యత చూసే షెరీఫ్‌కు స్వేచ్ఛ ఉన్నచోట, ఆ పదవి దాదాపు అంతటా ఎన్నికతో వచ్చేది కనుక, తెలుగు సంఘాలు అభ్యర్థులను జ్యోతి వెలిగించడానికి పిలిచేముందు, వారంటు లేని డిటెయినర్‌ను అమలు చేస్తారో లేదో వారి నుంచి లిఖితపూర్వకంగా సమాధానం తీసుకుని ఓటర్లకు పంచాలి.