చీర చాటు

చిరంజీవులైన మన ఊరి మనవలకు, మనవరాళ్లకు,

మీ అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. మీలో చాలామంది అమ్మానాన్నలకు లెక్కలు చెప్పినదాన్ని. ఆ చనువుతోనే వరస కలుపుకుంటున్నాను.

పోయిన వారం విజయవాడ నుంచి పల్లెవెలుగులో వస్తున్నాను. ఆగిరిపల్లి దాటాక, వీపున సంచులతో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు గట్టిగానే అనుకుంటున్నారు: "టికెట్టు కొన్నవాడు నిలబడాలి, కొననివాళ్లు కూర్చోవాలి. బస్సు మొత్తం ఆడవాళ్లకే రాసిచ్చేశారు." నా వెనక సీట్లో ఇద్దరు అమ్మాయిలు ఫోన్లో లండన్ తీర్పు మీద ఏదో వీడియో చూస్తూ, ట్రాన్స్ మహిళను ఆడవాళ్ల గదిలోకి రానివ్వాలా వద్దా అని వాదులాడుకుంటున్నారు. ఆడవాళ్లకంటూ వేరే చోటు ఎందుకు, ఆ చోటు ఎవరిది అన్న ఒక్క ప్రశ్నే ఆ రెండు మాటల్లోనూ ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు మామిడి షెడ్డు సంగతి చెప్పాలి.

నాకు పదహారేళ్లప్పుడు, 1978 వేసవిలో, మా అమ్మతో పాటు ప్యాకింగ్ పనికి వెళ్లాను. మగవాళ్లు చిక్కంతో కాయ కోసి దించితే, సొన కారిపోయేదాకా ఆరబెట్టి, తుడిచి, సైజులవారీగా ఏరి, వరిగడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సర్దడం ఆడవాళ్ల పని. తెల్లారకముందే వెళ్తే పొద్దుగూకేదాకా అక్కడే. మే నెల ఎండ. అయినా మా అమ్మ నీళ్లు తాగేది కాదు. పెదవులు తడుపుకుని చెంబు పక్కన పెట్టేసేది. ఎందుకో నాకు రెండో రోజుకే తెలిసొచ్చింది. అక్కడ ఆడది వెళ్లడానికి చోటు లేదు. లారీలు ఆగే జాగా, దాని వెనక కాలవగట్టు, గట్టు మీద బీడీలు కాలుస్తూ క్లీనర్లు. ఇక ఆగలేనప్పుడు నలుగురు కలిసి వెళ్లేవాళ్లు. అమ్మ సంచిలో నీలం రంగు వెలిసిపోయిన నేతచీర ఒకటి ఉండేది. ముగ్గురు దాన్ని చుట్టూ పట్టుకుని బయటివైపు తిరిగి నిలబడితే, లోపల ఒకరు. నేను చూసిన మొదటి ఆడవాళ్ల గది అదే.

ఆ సీజనులోనే ఇంకొక మనిషి పనికి వచ్చింది. మగపుట్టుక, కట్టూ బొట్టూ మనసూ ఆడదానివి. అప్పట్లో అలాంటివాళ్లను పిలిచిన మాట ఇక్కడ రాయను. కాయ ఏరడంలో ఆమె చెయ్యి మా అందరికంటే వేగం. చిన్నరసంలో మచ్చ ఉంటే చూడకుండానే వేలితో పట్టేసేది. మేం చీర తీసుకుని వెళ్తుంటే ఆమె తల దించుకుని పని చేసుకునేది, తర్వాత ఒక్కతే గట్టు దిగి వెళ్లేది. నాలుగో రోజు ఆమె వెనకాలే ఇద్దరు వెళ్లారు. పరుగెత్తుకుంటూ వచ్చింది, జాకెట్టు చిరిగి ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు మా అమ్మ చీర తీసి, "రా" అంది.

ఇంకొక మాట కూడా ఉంది, దాచను. మాతో వచ్చే ఒక పెద్దావిడ "ఆ చీర చాటుకు నేను రాను" అంది. ఆవిడకు పెళ్లయిన కొత్తలో జరగకూడనిది జరిగిందని తర్వాత తెలిసింది. అమ్మ ఆవిడనూ తిట్టలేదు. ఆవిడ కోసం మళ్లీ విడిగా వెళ్లి చీర పట్టింది. రోజుకు రెండు చుట్లు. మేస్త్రీ కసురుకునేవాడు. అమ్మ పట్టించుకునేది కాదు.

ఇక చట్టం. మన రాజ్యాంగం 15వ అధికరణం ఆడా మగా తేడా చూపకూడదంటుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అన్నిటినీ పేరుపెట్టి చెబుతుంది. అదే అధికరణం మూడో క్లాజులో, స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ఇది అడ్డు కాదంటుంది. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని వాదించినవాళ్లున్నారు. మన రాష్ట్రంలో 1984లో నేరుగా జరిగే ఉద్యోగ నియామకాల్లో ఆడవాళ్లకు 30 శాతం మేర ప్రాధాన్యం ఇచ్చే నిబంధన వచ్చింది. దాన్ని సవాలు చేస్తే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో జస్టిస్ సుజాతా మనోహర్ రాసిన తీర్పు ఆ నిబంధనను నిలబెట్టింది. అనాదిగా వెనక్కి నెట్టబడ్డవాళ్లను పక్కనున్నవాళ్లతో సమానంగా నిలబెట్టడానికే ఆ మూడో క్లాజు అని అందులో స్పష్టంగా ఉంది. అబ్బాయిలూ, బస్సు సీటు పైన 'స్త్రీలు' అన్న అక్షరాలు కూడా ఆ క్లాజు నీడలోవే.

1874లో కందుకూరి ధవళేశ్వరంలో ఆడపిల్లల కోసం విడిగా బడి పెట్టాడు. విడిగా పెట్టకపోతే ఆ పిల్లల్ని గడప దాటనిచ్చేవాళ్లే కాదు. నేను ఉద్యోగంలో చేరిన బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఎనిమిదో తరగతి వచ్చేసరికి నెలలో నాలుగు రోజులు బెంచీ ఖాళీగా ఉండేది, తొమ్మిదిలో మొత్తానికే ఖాళీ అయ్యేది. ఆ ఖాళీల్ని హాజరుపట్టీలో నా చేత్తో రాశాను. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు ఉండి తీరాలని విద్యాహక్కు చట్టంలో రాయడానికి 2009 దాకా పట్టింది.

ఇక ఉచిత బస్సు సంగతి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంలో జీరో టికెట్టు ఆడపిల్లలకూ మహిళలకూ మాత్రమే కాదు, ట్రాన్స్‌జెండర్లకు కూడా ఉంది. ఇప్పుడు కూలికి వెళ్లే ఆడవాళ్లు బస్సెక్కుతున్నారు. నాన్నా, నీకు సీటు దొరకని మాట నిజమే. నా మోకాళ్లకూ ఆ కష్టం తెలుసు. డిపోకు వెళ్లి ఇంకో రెండు బస్సులు వేయమని అడుగు, నేనూ సంతకం పెడతాను. పక్కనున్న ఆడమనిషి మీద మాత్రం ఆ కోపం చూపించకు.

అమ్మాయిలూ, మీ లండన్ తీర్పు దగ్గరికి వస్తాను. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు, అక్కడి 2010 సమానత్వ చట్టంలో 'స్త్రీ' అన్న మాటకు అర్థం పుట్టుకతో స్త్రీ అనే అని తేల్చింది. ఆ చట్టం ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి ఇచ్చే రక్షణ అలాగే ఉంటుందని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. ఆసుపత్రి వార్డులు, అత్యాచార బాధితుల ఆశ్రయాలు, బట్టలు మార్చుకునే గదుల్లోకి ఎవరు రావచ్చన్నది అక్కడ ఏళ్లుగా నడుస్తున్న తగువు. ఆ లండన్ తీర్పుకు పదకొండేళ్ల ముందు, 2014 ఏప్రిల్ 15న, మన సుప్రీంకోర్టు నల్సా కేసులో మరో దారి పట్టింది. తామెవరో చెప్పుకునే హక్కు ట్రాన్స్ వ్యక్తులదే అంది, వాళ్ల కోసం విడిగా ప్రజా మరుగుదొడ్లు కట్టమని ప్రభుత్వాలను ఆదేశించింది. కార్మికుల భద్రత మీద 2020లో పార్లమెంటు చేసిన కోడ్‌లోనూ పురుషులకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరుగా ఏర్పాటుండాలని ఉంది. బ్రిటన్‌లో వాళ్లు రెండు తలుపుల్లో ఎవరిది ఏదని తగువులాడుకుంటుంటే, మన చట్టం మూడో తలుపు పెట్టమంటోంది. మన సెంటర్లలో రెండో తలుపుకే దిక్కు లేదు. ఉన్నచోట గొళ్లెం ఉండదు, గొళ్లెం ఉంటే నీళ్లుండవు. అలాంటి ఊళ్లో లండన్ తగువును యథాతథంగా దించుకుని, లేని గదిలోకి ఎవరు రావాలని జుట్లు పట్టుకోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అలాగని ఆడపిల్లల భయాన్ని తక్కువ చేయను. 2024 ఆగస్టులో మన పక్కనే కృష్ణా జిల్లాలో, ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ స్నానాల గదుల్లో రహస్య కెమెరాలున్నాయన్న ఆరోపణ మీద అమ్మాయిలు రాత్రంతా ఫోన్ లైట్లు పట్టుకుని న్యాయం కావాలని అరిచారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. దొరకకపోయినా, ఆ పిల్లలు మళ్లీ స్నానానికి వెళ్లేటప్పుడు నాలుగు మూలలూ వెతుక్కునే ఉంటారు. ఆ భయం చాదస్తం కాదు. నా ఎరుకలో ఈ ఊళ్లో ఏ తలుపు సందులోంచి ఎవరు తొంగి చూసినా, వాడు చీర కట్టుకుని రాలేదు. ప్యాంటు వేసుకునే వచ్చాడు.

మీరు నన్ను తేల్చి చెప్పమంటారు. బస్సు సీటు దగ్గర నాకు సందేహమే లేదు, ట్రాన్స్ మహిళ పక్కన కూర్చుంటే జరిగి చోటిస్తాను. మరుగుదొడ్డి అయితే నేల నుంచి కప్పు దాకా గోడ, లోపల గొళ్లెం, నీళ్లు, లైటు ఉన్న విడి గదులు కట్టండి. అలాంటి గదిలోకి ఎవరు వెళ్లారన్నది పక్క గదిలోని మనిషికి పట్టదు. పడుకునే చోటు, ఒళ్లు చూపించుకునే వార్డు, దెబ్బ తిన్న ఆడది తలదాచుకునే ఇల్లు వేరు. అక్కడ ముందు ఉన్నవాళ్ల మాట వినాలి, వద్దన్న మనిషిని దుర్మార్గురాలని ముద్ర వేయకూడదు. అలాగే వచ్చిన మనిషిని మగవాళ్ల వైపు తోసేయకూడదు. ఆమెకు తలుపున్న గది ఇవ్వాలి. అది ఖర్చుతో కూడిన పని. మా అమ్మ దగ్గర డబ్బు లేక, ఉన్న ఒక్క చీరతోనే రెండు చుట్లు తిరిగింది.

తోటల్లో పిందె కట్టింది. ఇంకో రెండు నెలల్లో ముసునూరు, చాట్రాయి నుంచి ప్యాకింగ్ కూలీలు దిగుతారు. ఇప్పుడు పెట్టెలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, కాలవగట్టు మాత్రం అలాగే ఉంది. వాళ్లు వచ్చేలోపు మన చుట్టుపక్కల షెడ్లలో ఎన్ని తలుపులున్నాయో, వాటిలో ఎన్నిటికి గొళ్లెం పడుతుందో, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయో లేదో, రాత్రి లైటు వెలుగుతుందో లేదో చూసి కాగితం మీద పెట్టి కలెక్టరు గారికి ఇవ్వాలి. పక్క వీధిలో ఉండే ట్రాన్స్ మహిళ ఒకామె వస్తానంది. బస్సులో గొణిగిన ఆ ఇద్దరు కుర్రాళ్లు కూడా వస్తే నాకు మరీ సంతోషం.

ఆదివారం పొద్దున్నే ఏడింటికి, పెద్దగాంధీ బొమ్మ దగ్గర. కొలిచే టేపు మీరు తెచ్చుకోండి. నోటుబుక్కు నేను తెస్తాను.

మీ అమ్మమ్మ,
నూజివీడు