వాగ్దాన క్యాలెండర్ మీద గడువు తేదీ

హనుమాన్ జంక్షన్‌లో నాలుగు వైపుల దారులు కలుస్తాయి. జాతీయ రహదారి మీద ఒక వైపు విజయవాడ, మరో వైపు ఏలూరు. అడ్డంగా వెళ్ళే దారిలో ఇటు మామిడితోటల నూజివీడు, అటు వరిచేల గుడివాడ. ఈ నాలుగు దారుల జనానికీ అరువు కొత్త కాదు. కిరాణా కొట్టులో పద్దు, ఎరువుల కొట్టులో ఖాతా, పండక్కి బట్టలు తెచ్చి పంట అమ్మాక తీర్చే బాకీ, ఇవన్నీ తాతల నాటి నుంచీ ఉన్నవే. ఆ బాకీకి తేదీ ఉండేది కాదు, కాలం ఉండేది. ధాన్యం డబ్బులు రానీ అనేవాళ్ళు, మామిడికాయ కోత అవనీ అనేవాళ్ళు. కొట్టు యజమాని బజారులో ఎదురైతే తల దించుకునేవాళ్ళు. ఆ సిగ్గే బాకీని గుర్తు చేసేది.

ఇప్పుడు అరువు మన జేబులోకే వచ్చింది. నిజానికి క్రెడిట్ కార్డు ఈ ప్రాంతానికి పరాయిదేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు ఇచ్చింది. దేశంలో ఆ పనికి ముందుగా పూనుకున్న బ్యాంకుల్లో అదొకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డులు మాత్రం ఇంటింటికీ చేరాయి. అయితే కార్డుకు మన పంట కాలం తెలియదు, మన ఇంట్లో పెళ్ళి తెలియదు, ఆస్పత్రి ఖర్చు తెలియదు. దానికి తెలిసింది ఒక్క తేదీ.

నా సంగతే చెబుతాను. ఒక కార్డు తీసుకుని, రెండుసార్లు వాడి, బీరువాలో పెట్టి మరిచిపోయాను. దాని మీద ఏడాదికోసారి వేసే రుసుము ఐదువందలు పడింది. అంతకు ముందే నేను ఫోను నంబరు మార్చాను. బ్యాంకువాళ్ళ సందేశాలన్నీ పాత నంబరుకే వెళ్ళాయి. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం ఆరాధన ముగిసి, మందిరం బయట చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ ఫోను మోగింది. రెండో నంబరుగా ఆమెది ఇచ్చి ఉన్నాను మరి. మీ ఆయన బాకీ కట్టడం లేదమ్మా అని అవతలి గొంతు. ఐదువందలు కాస్తా ఆలస్య రుసుములతో, వడ్డీతో, పన్నుతో రెండువేలు దాటింది. డబ్బు పోయినందుకు కాదు, ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు బాధ కలిగింది. ‘‘ఏవండీ, ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?’’

బైబిలులో రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఒక విధవరాలు కనిపిస్తుంది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు, దైవభీతి గలవాడు. అయినా ఆ ఇంటికి అప్పు మిగిలింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో ఉన్న కాస్త నూనె ఎలీషా మాట ప్రకారం పాత్రలన్నీ నిండేదాకా రావడం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నామో! ఆ తర్వాత ప్రవక్త చెప్పినదాని మీద మాత్రం ప్రసంగాలు తక్కువ. ముందు నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో బతకమన్నాడు. అద్భుతం జరిగిన ఇంట్లో కూడా లెక్క లెక్కే. ఆ అప్పు సంగతి భర్త బతికుండగా ఆమెకు తెలుసా? గ్రంథం చెప్పదు. మన ఇళ్ళల్లో ఎంతమంది భార్యలకు తెలుసు?

మనం ఆ వరుసను తిరగేస్తున్నాం. ముందు బతికేసి, మిగిలితే అప్పు తీరుస్తున్నాం. కార్డు బిల్లు కూడా అందుకు తోడ్పడుతుంది. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది కనీసం కట్టవలసినది. చిన్న అంకె మీదికే కన్ను పోతుంది. ఒక్కసారి కాగితం మీద లెక్క వేసి చూద్దాం. మార్చి 10న 20,000 రూపాయలకు ఫ్రిజ్ కొన్నారు. ఏప్రిల్ 5న బిల్లు, 25న గడువు. వడ్డీ నెలకు మూడున్నర శాతం. మన ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం, ఇది మూడున్నర, అంటే ఏడాదికి 42. గడువు రోజున కనీస మొత్తం 1,000 రూపాయలు కట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఆలస్య రుసుము పడదు, నిజమే. కానీ వడ్డీని ఏప్రిల్ 25 నుంచి లెక్కించరు, ఫ్రిజ్ కొన్న మార్చి 10 నుంచి లెక్కిస్తారు. మే 5 బిల్లు నాటికి వడ్డీ సుమారు 1,277 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 230. మీరు కట్టింది వెయ్యి, కొత్తగా చేరింది పదిహేను వందలు. బాకీ 20,500 దాటింది! పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కార్డు మీద తెచ్చిన ఉప్పూ పప్పుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ.

ఈ వడ్డీకి కోర్టు అడ్డుకట్ట వేస్తుందనుకోవద్దు. ఏడాదికి 30 శాతానికి మించి వసూలు చేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. అయితే కొన్ని రక్షణలు లేకపోలేదు. గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలని, అదీ మిగిలి ఉన్న బాకీ మీదే వేయాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. ఆ మూడు రోజులను గడువులో భాగమనుకుంటే మోసపోతాం. వడ్డీ విషయంలో ఆ భరోసా లేదు. బిల్లు తేదీని మన వీలును బట్టి కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం ఇవ్వాలని 2024లో మరో సవరణ వచ్చింది. ఒకటో తేదీన జీతం వచ్చేవారికి 28న గడువు ఉంటే ఎంత ఇబ్బందో అనుభవించినవారికే తెలుసు. అలాంటివారు బ్యాంకును అడిగి మార్పించుకోవచ్చు. ఈ సంగతి తెలిసినవారు నాకు తారసపడింది తక్కువ. అప్పుల చరిత్రను క్రెడిట్ సమాచార సంస్థలకు పదిహేను రోజులకోసారి పంపాలన్న నియమం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఈ రోజు మరిచిపోయిన చిన్న బిల్లు రేపు పిల్ల చదువుకు అప్పు అడిగినప్పుడు ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. నెలల తరబడి కార్డు బాకీ మోస్తూ, పండుగకు అందరికంటే పెద్ద కానుక వేయాలని ఆరాటపడే సోదరులున్నారు. తల్లిదండ్రులకు చేయవలసినదాన్ని దేవునికి అర్పించామని చెప్పి తప్పించుకునేవారిని యేసుప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త ఏడో అధ్యాయంలో ఉంది. బ్యాంకు మనకు తల్లీ తండ్రీ కాదు, దాని మీద జాలి పడనక్కరలేదు. కానీ ఆ బాకీ వడ్డీ పోయేది మన పిల్లల కంచంలోంచి. ఈ ఏడాదికి కానుక తగ్గినా ఫరవాలేదు, బాకీ తీర్చేసి రండి అని చెప్పగలిగిన సంఘకాపరి నిజంగా కాపరే.

మా ఇంటి గోడ మీద అందరిళ్ళలో లాగే కొత్త సంవత్సరానికి ఇచ్చిన వాగ్దాన క్యాలెండరు ఉంది. ఆ ఆదివారం సాయంత్రం కార్డులన్నీ బల్ల మీద పెట్టాం. రెండింటిని రద్దు చేయించాం. మిగిలిన ఒక్కదానికి ఖాతా నుంచి మొత్తం బాకీ దానంతటదే కట్టేలా పెట్టాం. కానీ ఖాతాలో డబ్బు లేకపోతే ఆ ఏర్పాటు కూడా తప్పుతుంది, దానికి మళ్ళీ వేరే రుసుము. అందుకని గడువుకు ఐదు రోజుల ముందు తేదీ చుట్టూ ప్రతి నెలా ఎర్ర సిరాతో సున్నా చుట్టాం. కార్డు మీద ఏది కొన్నా పక్కనే వేలాడే చిన్న పుస్తకంలో ఆ రాత్రే రాస్తాం, టీ తాగినా సరే. ఆ ఎర్ర సున్నా రోజున మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ ‘‘ఏవండీ, ఖాతాలో ఉన్నాయా?’’ అంటుంది. మొదట్లో నాకు కోపం వచ్చేది.