గుఱ్ఱపు పందెమున గృహిణి తెలియవలసిన లెక్క



గత పుష్యమాసమున ఆదోని నుండి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోయి, మా పినతల్లి యింట రెండు దినము లుంటిని. పొరుగున మగ్గము నేయువారి యిల్లాలు నాచెంతకు వచ్చి, "అక్కా, గుఱ్ఱపు పందెము జూదము కాదనియు, నేర్పుతో గూడిన ఆటయనియు కోర్టువారే చెప్పినారని మా ఇంటాయన అనుచున్నారు. నూలు కొనుటకు దాచిన సొమ్ములో సగము దానికే పోయినది. అసలు అది యేమి?" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమెకు చెప్పినదే మీకును విన్నవించుచున్నాను.

మన తెలుగువా రెఱిగిన పందెపు మైదానము హైదరాబాదులోని మలకపేట. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, 1886లో, పందెములు అచ్చటికి మాఱినవి. పెక్కు పందెములలో మేలైన గుఱ్ఱముపై నెక్కువ బరువు మోపి, బలాబలములను సరిచేయుదురు. దానిని హ్యాండికాప్ అందురు. కావున ఏది గెలుచునో చెప్పుట యంత సులభము కాదు. మొదట వచ్చు గుఱ్ఱముపై కాయుట 'విన్'. మొదటి రెండు మూడు స్థానములలో నొకటి దక్కిన చాలునని కాయుట 'ప్లేస్'. బుకీ వద్ద కాసినచో, ఆతడు ముందు పలికిన నిష్పత్తి ప్రకారము చెల్లించును. 'టోట్' వద్ద కాసినచో, అందఱి సొమ్మును ఒక కుప్ప చేసి, అందుండి క్లబ్బు వంతును పన్నును తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుదురు.

మర్మమంతయు ఆ కుప్పలోనే యున్నది. పదిమంది తలకు నూఱు రూపాయలు పెట్టిరనుకొనుడు, మొత్తము 1000. లెక్క కొఱకు అందులో నైదవవంతు కోత యనుకొందము. పంచుటకు మిగులునది 800. ఆ సొమ్మునే మఱల కాసినచో 640, మూడవమాఱు 512. ఏ గుఱ్ఱము గెలిచినను సరే, మూడు పందెములలో అందఱి సొమ్మును కలిసి సగమైనది! మావారు బడిపిల్లలకు చెప్పు శాతముల లెక్కయే యిది. 2025 సెప్టెంబరు 22 నుండి గుఱ్ఱపు పందెములపై వస్తుసేవల పన్ను 40 శాతమైనది. ఇక కోత యెంతయో మీరే యోచింపుడు. మా ఆదోని పత్తిమండీలో ధర పెరిగినను తగ్గినను దలాలికి దలాలి ముట్టును. అయినను రైతు బండిలో పత్తి యున్నది. పందెము కాసినవాని చేతిలో చీటి తప్ప ఏమున్నది?

కోర్టు మాట అబద్ధము కాదు. మదరాసు రేసు క్లబ్బు వ్యాజ్యమున 1996లో సుప్రీంకోర్టు, గుఱ్ఱపు పందెమున నేర్పే ప్రధానమని చెప్పినది. గుఱ్ఱము వంశము, శిక్షణ, జాకీ సామర్థ్యము ఎఱిగినవాడు ఎఱుగనివానికంటె మేలుగా కాయవచ్చును. కాని నేరము కాదన్నంత మాత్రమున లాభమని యర్థము కాదు. కోత పోయిన పిమ్మట నేర్పరికి దక్కు లాభము నేర్పులేనివాని జేబునుండియే రావలెను. ఫోనులో దొంగ బుకీకి నూలు సొమ్ము పంపువాడు ఈ యిరువురిలో నెవ్వడు?

నలునికంటె గుఱ్ఱముల నెఱిగినవా డెవ్వడు? ఆతడును జూదమున రాజ్యము పోగొట్టుకొనెను. ఋతుపర్ణునికి అశ్వహృదయ మొసగి, ఆతనివలన అక్షహృదయమును గ్రహించిన పిదపనే మఱల గెలిచెను. గుఱ్ఱము నెఱుగుట వేఱు, లెక్క నెఱుగుట వేఱు.

దమయంతి మాత్రము ముందే మేల్కొన్నది. భర్త మాట వినని స్థితి గ్రహించి, వార్ష్ణేయుని పిలిపించి బిడ్డలను విదర్భకు పంపినది. నేనును ఆ యిల్లాలితో నిట్లంటిని: "అమ్మా, మిగిలిన నూలు సొమ్మును, పిల్లల ఫీజును నీ పేర బ్యాంకులో వేయుము. కలహింపవలదు. ఆయన భోజనమైన పిదప, వెయ్యి 512 అయిన లెక్కను కాగితముపై వ్రాసి ముందుంచుము."

మొన్న ఆమె ఫోను చేసినది. నూలు కొన్నారట, మగ్గము ఆడుచున్నదట. పందెము మాట ఆమె యెత్తలేదు, నేనును అడుగలేదు.