మార్కుతో సరిపెట్టకండి, తప్పెక్కడో రాసివ్వండి



మన బడుల్లో దిద్దిన పేపరు పిల్లల చేతికి వచ్చేటప్పుడు దాని మీద మార్కు ఉంటోంది, మాట ఉండటం లేదు. ఎక్కడ తప్పారో, ఎలా సరిచేసుకోవాలో రెండు ముక్కలు రాసివ్వాలి. పిల్లలు దాన్ని చదువుకుని మళ్ళీ రాసి చూపించాలి. ఇది ప్రతి బడిలో నియమం కావాలని కోరుతున్నాం.

ఒక్క లెక్క చూడండి. ఏడో తరగతి పిల్లాడు 3/4 లోంచి 1/3 తీసేయాలి. పైన మూడులోంచి ఒకటి పోతే రెండు, కింద నాలుగులోంచి మూడు పోతే ఒకటి. జవాబు 2 అని రాశాడు. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి పక్కన సున్నా వేశారు. వాడు ఆ సున్నా చూసుకుని పేపరు మడిచి బ్యాగులో పెట్టేశాడు. వచ్చే పరీక్షలోనూ ఇలాగే చేస్తాడు, ఎందుకంటే తన పద్ధతిలో లోపమేమిటో వాడికి ఎవరూ చెప్పలేదు.

అదే చోట "ఉన్నదే ఒకటికి తక్కువ. అందులోంచి కొంత తీస్తే రెండు ఎలా మిగులుతుంది? హారాలు వేరుగా ఉన్నాయి కదా, ముందు 4, 3ల క.సా.గు. కనుక్కో" అని రాసి ఉంటే? పన్నెండు దొరుకుతుంది. 9/12 లోంచి 4/12 తీసి 5/12 అని తానే తేల్చుకుంటాడు. ఇదీ విమర్శే. తప్పును తప్పనే అంది, కానీ పిల్లాణ్ణి వదిలేసి లెక్కను పట్టుకుంది. తర్వాత వేయాల్సిన అడుగు కూడా చూపించింది.

విమర్శ ఎంత ఘాటుగా ఉంటే అంత బాగుపడతారన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. 1996లో క్లుగర్, డెనిసి అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలను కలిపి చూశారు. పనిలో బాగోగులు చెప్పడం వల్ల సగటున మేలే జరిగింది. అయితే మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు ఉన్నదానికంటే దిగజారింది. చెప్పిన మాట మనిషి దృష్టిని పని మీంచి తన మీదికి మళ్ళిస్తే ఫలితం తగ్గుతుందని వారు వివరించారు. "మొద్దువి" అన్న మాట విన్న పిల్లకు ఆపైన లెక్క కనబడదు, తన అవమానమే కనబడుతుంది.

1988లో ఇజ్రాయెల్ బడిపిల్లల మీద రూత్ బట్లర్ చేసిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. కొందరికి మార్కు, కొందరికి వ్యాఖ్య, మరికొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ళు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్ళకు ఆ మేలు దక్కలేదు. అందుకే ముందు వ్యాఖ్య ఇచ్చి, పిల్లలు దిద్దుకున్నాక మార్కు చెప్పాలంటున్నాం. మార్కులు రిజిస్టరులో ఎలాగూ ఉంటాయి.

చట్టమూ మన వైపే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలంది. దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బోర్డు పరీక్షకే ఆ హక్కు ఉన్నప్పుడు, యూనిట్ టెస్టు పేపరును బీరువాలో పెట్టి తాళం వేయడం ఏం న్యాయం?

"తరగతిలో అరవై మంది, ఇన్ని పేపర్ల మీద రాసేదెప్పుడు?" అని ఉపాధ్యాయులు అడుగుతారు. ఆ ఇబ్బంది నిజమే. అందుకే ప్రతి ప్రశ్నకూ రాయమని అడగడం లేదు. ఒక్కో పేపరులో ముఖ్యమైన ఒక్క తప్పును ఎంచుకోండి, చాలు. ఎక్కువమంది చేసిన తప్పును, ఎవరి పేరూ చెప్పకుండా, బోర్డు మీద వేసి అందరితో చర్చించండి. పేపర్లు ఇచ్చిన రోజు ఒక పీరియడ్ దిద్దుబాటుకే కేటాయించండి. రాయించాల్సిన పరీక్ష ఒకటి తగ్గినా నష్టం లేదు.

"ఇంత మెత్తగా ఉంటే చదువుతారా?" అని పెద్దలంటారు. సున్నా వేసుకుని ఇంటికి పోవడం తేలిక. తప్పు చేసిన చోటికే మళ్ళీ వెళ్ళి సరిగ్గా చేసి చూపించడమే కష్టం. మేం అడుగుతున్నది ఆ కష్టాన్నే.

అమ్మలారా, అయ్యలారా! ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు "పక్కింటి పిల్లకెన్ని వచ్చాయి?" అని అడక్కండి. "ఏది తప్పింది? మళ్ళీ చేశావా? నాకు చూపించు" అనండి. ఈ మాట అడగడానికి మీకు చదువు రావాల్సిన పని లేదు.

విద్యార్థులారా! పేపరు చేతికి రాగానే దాచేయకండి. రాసింది అర్థం కాకపోతే వెళ్ళి అడగండి. టీచరే పొరబడ్డారనిపిస్తే, మార్కుల కూడిక తప్పనిపిస్తే, కారణం చూపించి మర్యాదగా చెప్పండి. విమర్శను స్వీకరించడమంటే తలవంచి వినడం కాదు. అందులో నిజమెంతో పరీక్షించి, నిజమైనదాన్ని ఆచరణలో పెట్టడం. రేపు ఉద్యోగంలో, ఊరి పనుల్లో, సంసారంలో మిమ్మల్ని నిలబెట్టేది ఈ అలవాటే.

మా కోరికలు:

1. దిద్దిన ప్రతి పేపరూ వారం లోపల పిల్లలకు అందాలి.
2. ప్రతి పేపరు మీదా ఒక్క తప్పుకైనా కారణం, సరిచేసుకునే దారి రాయాలి.
3. పిల్లలు దిద్దుకుని చూపించాకే మార్కు చెప్పాలి.
4. మార్కులు, ర్యాంకులు తరగతిలో పైకి చదవడం, గోడకు అంటించడం మానాలి.
5. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల జాబితాకు బదులు పిల్లలు దిద్దుకున్న పేపర్లు చూపించాలి.

వీటికి సర్కారు జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. వచ్చే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి ఈ కరపత్రం పట్టుకెళ్ళండి. ఐదు కోరికలూ చదివి వినిపించండి. తీర్మానం రాయించి, హెడ్మాస్టరు గారితో సంతకం పెట్టించి, వచ్చే యూనిట్ టెస్టు నుంచే అమలు చేయించండి.