వెలుగును మచ్చిక చేసే ఇత్తడి

పాత ఇత్తడి దీపాలు ఏరి కూడబెట్టేవారి దగ్గర పావో త్యునెల్ పేరెత్తితే ఇక మాటలు ఆగవు. 1918లో హెల్సింకీలో ఆయన మరికొందరితో కలిసి నెలకొల్పిన తైతో సంస్థ దీపాలు ఇవాళ విదేశీ వేలంపాటల్లో వేల డాలర్లు పలుకుతున్నాయి. ఇత్తడి రేకుకు సన్న రంధ్రాలు పొడిచి, వెలుగు జల్లెడ పట్టినట్లు రాలేలా చేయడం ఆయన పనితనం. డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ దారి వేరు. బల్బు కంటపడకుండా రేకు మీద రేకు పేర్చాడు. 1958 నాటి ఆయన ఆర్టిచోక్ దీపానికి 72 రేకులు! చలికాలమంతా చీకట్లో గడిపే దేశాల్లో ఇంట్లోని కరెంటు వెలుగైనా కంట్లో గుచ్చుకోకూడదన్న పట్టుదల అది.

పుదుచ్చేరిది తద్విరుద్ధమైన చిక్కు. ఇక్కడ వెలుగే ఎక్కువ. అరవిందాశ్రమం వారి గోల్కొండ వసతిగృహం దానికి చెప్పిన జవాబు. ఆంటొనిన్ రేమండ్ రూపకల్పన చేయగా, జార్జ్ నకషిమా, ఫ్రాంతిషెక్ సామెర్ దగ్గరుండి కట్టించారు. కిటికీలకు అద్దాల్లేవు. ఎండను ఆపి గాలిని రానిచ్చే సిమెంటు పలకలను కావలసినంత తిప్పుకోవచ్చు. పేరు మాత్రం మనదే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ నిజాం నుంచి లక్ష రూపాయలు ఇప్పించినందుకు గుర్తుగా శ్రీమాత పెట్టిన పేరది. ఇక పిడులు, గొళ్లేలు, బందులు? భక్తులిచ్చిన పాత ఇత్తడి పాత్రలు కరిగించి పోతపోసుకున్నారు.

సేకర్తలకు ఇలాంటి ఇత్తడి కొరుకుడుపడదు. త్యునెల్ దీపమైతే తైతో ముద్ర ఉందా అని తిప్పి చూస్తారు, ధర కడతారు. ఎవరింటి చెంబు ఏ గొళ్లెంలో కలిసిందో ఏ ముద్రా చెప్పలేదు. అయినా పలకను తిప్పి ఎండను అదుపు చేసే చేయీ, రేకుకు రంధ్రం పొడిచి బల్బును అదుపు చేసే చేయీ ఒకే విద్య నేర్చాయనిపిస్తుంది. సేకరణ తప్పని మేమనం. గాజు బీరువాలో ఆర్పి ఉంచిన దీపాన్ని చూస్తే మాత్రం జాలేస్తుంది. వైరు మార్పించి, సాయంత్రం స్విచ్చి వేస్తేనే ఆ రంధ్రాలెందుకో తెలిసేది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే ఓ మాట చెప్పి ఉంచడం మంచిది. పండక్కి కుందులతో పాటు దాన్నీ చింతపండు వేసి తళతళా తోమేయగలరు. కొనేవాళ్లు ఎక్కువ డబ్బు పోసేది ఆ పాత మసకకే మరి.