ముడుతలకు సూదిమందు: ముందు అడగవలసినది

నలభై దాటాక ముక్కు ప్రక్క నుండి పెదవి కొస వరకు దిగే గీత ఎందరికో దిగులు. పెళ్ళి ముహూర్తానికి ముందు ఒక్క గంటలో దానిని పూడుస్తామని ఇప్పుడు ‘ఫిల్లర్’ ఇంజెక్షన్లు పిలుస్తున్నాయి. ఆశ పుట్టడంలో తప్పు లేదు.

వీటిలో ఎక్కువగా వాడేది హయలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి నుండి వేరుచేసిన పదార్థమిది. మన చర్మంలోనూ ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, వయస్సుతో తరుగుతుంది. చర్మం క్రింది కొవ్వు, ఎముక కూడా తరుగుతాయి. కనుక నువ్వులనూనె అభ్యంగంతోనో, శనగపిండి నలుగుతోనో ఆ గుంటలు పూడుతాయని చెప్పడం ఆత్మవంచన. అవి చర్మాన్ని మృదువుగా ఉంచుతాయి, అంతవరకే.

మా ఆందోళన సూది పట్టే చేతిని గురించి. మందు పొరపాటున రక్తనాళంలో చేరితే రక్తం అందక చర్మం కుళ్ళవచ్చు. కనుబొమల నడుమ, ముక్కు మీద చేసిన ఇంజెక్షన్ల వల్ల కంటి ధమని మూసుకుపోయి శాశ్వతంగా చూపు కోల్పోయినవారున్నారు. హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించే విరుగుడు హయలురోనిడేజ్. దానిని ఆలస్యం లేకుండా ఇవ్వాలి. బ్యూటీ పార్లరులో అది ఉంటుందా? సూది లేకుండా ఒత్తిడితో మందు ఎక్కించే పెన్నులను వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో హెచ్చరించింది కూడా.

కొన్ని నెలలకో, ఏడాదికో కరిగిపోయే నిండుదనమిది. అయినా కావాలనుకుంటే, డబ్బు కట్టేముందు అడగండి: ఇంజెక్షన్ చేసేది అర్హత గల చర్మవైద్యులేనా, విరుగుడు ఇదే గదిలో ఉందా? సమాధానం తడబడితే చెప్పులు తొడుక్కుని ఇంటికి వచ్చేయండి.