కోళ్ళ కాళ్ళ కింద ఏం పరచాలి?

మన ఊళ్ళో కోడికి ఊరంతా పెరడే. బురదైతే అరుగెక్కుతుంది. ఇక్కడ సియాటిల్‌లో మా ఆరు పెట్టలూ తిరిగేది వల కట్టిన కాస్త జాగాలో. దానికి పైకప్పు లేదు. అక్టోబరు వస్తే ముసురు మొదలు. గడ్డిని ఎప్పుడో గీకి పారేశాయి. మిగిలిన మట్టి వానకి తడిసి, రెట్టతో కలిసిందంటే కంపు, ఈగలు. కాక్సీడియోసిస్ లాంటి రోగాలకి ఆ తడే ఆసరా.

ముందుగా తోచేది ఎండుగడ్డి. తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ళ ఊపిరితిత్తులకి చేటు. ఇసుక కప్పు కింద బాగుంటుంది. వానలో, రెట్టతో కలిసి ముద్దవుతుంది. రంపపు పొట్టు నీళ్ళు పీల్చుకుని అలాగే ఉండిపోతుంది.

అందుకే చెట్లు కొట్టేవాళ్ళ దగ్గర దొరికే ముతక చెక్కముక్కలు తెచ్చి, జానెడు మందాన పరిచాను. సందుల్లోంచి నీళ్ళు కిందికి దిగిపోతాయి. పురుగుల కోసం కోళ్ళే గీకి తిరగేస్తాయి కాబట్టి గాలాడుతుంది. అడుగున చివికింది తీసి, బాగా మాగబెట్టి, వంగమొక్కలకి వేస్తాను. పైన కొత్తవి పోస్తాను.

మీరూ కొనేముందు ఒక్కటే చూడండి: అది నీళ్ళు దాచుకునేదా, వదిలేసేదా? వలలో పెట్టాక, పొడినేల వెతుక్కునే వీలు కోడికి ఉండదు. ఆ పని మనదే.